సికింద్రాబాదు బస్తీలలో మానసిక ఆఘాత కౌన్సెలింగు

సికింద్రాబాదు బస్తీలలో మానసిక ఆఘాత కౌన్సెలింగు అనగా హింస, ప్రమాదం, ఆకస్మిక మరణం, ఇల్లు కోల్పోవడం వంటి ఘటనల వలన మనసు దెబ్బతిన్న అల్పాదాయ కుటుంబాలకు, వారి భాషకు, ఆచారాలకు, జీవనోపాధికి తగిన రీతిలో అందే ఓదార్పు, సలహా, చికిత్సల సముదాయం. దీనిని ఏ ఒక్క సంస్థో నడపడం లేదు. ప్రభుత్వ ఆసుపత్రులు, స్వచ్ఛంద సంస్థలు, సహాయవాణులు, పోలీసు శాఖకు చెందిన కేంద్రాలు, బస్తీలలోని ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ ఉపాధ్యాయినులు, పొదుపు సంఘాల మహిళలు తలా కొంత చేస్తున్నారు. ఆసుపత్రి గదిలో పుట్టిన పద్ధతిని యథాతథంగా బస్తీకి తెస్తే అది పనిచేయదన్నది ఈ రంగంలో పనిచేసేవారి సాధారణ అనుభవం. బస్తీ ఆచారాన్ని యథాతథంగా అంగీకరించినా కొన్ని సందర్భాలలో బాధితులకే నష్టం జరుగుతుంది. ఈ రెంటి మధ్య దారి వెదకడమే ఇందులోని అసలు సమస్య.

నేపథ్యం

సికింద్రాబాదు 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరిట ఏర్పడిన సైనిక స్థావరం. మద్రాసు సైన్యంతో వచ్చిన తమిళులు, రైల్వేలో పనికి వచ్చినవారు, మరాఠీలు, దక్కనీ ఉర్దూ మాట్లాడే ముస్లిములు, తెలంగాణ జిల్లాల నుండి కూలికి వలస వచ్చినవారు, ఇటీవలి దశాబ్దాలలో బీహారు, ఒడిషాల నుండి వచ్చిన కార్మికులు ఇక్కడి బస్తీలలో పక్కపక్కన నివసిస్తున్నారు. రసూల్‌పురా, అడ్డగుట్ట, వారాసిగూడ, పార్సీగుట్ట, భోయిగూడ, సమీపంలోని భోలక్‌పూర్ వంటి ప్రాంతాలలో ఒకే సందులో మూడు నాలుగు భాషలు వినబడతాయి. పల్లకీలు మోసిన బోయీల పేరు భోయిగూడకు నిలిచిపోయింది. ఇప్పుడు అక్కడ తుక్కు గోదాములు, కలప డిపోలు ఉన్నాయి.

మానసిక ఆఘాతం అన్న భావన పాఠ్యపుస్తకాలలో ఎక్కువగా ఒక్క పెద్ద ఘటన చుట్టూ అల్లబడి ఉంటుంది. ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత (పి.టి.ఎస్.డి.) అన్న పేరు 1980లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణలో చేరినపుడు వియత్నాం యుద్ధ సైనికుల అనుభవం దానికి ముఖ్య ఆధారం. బస్తీ జీవితంలో మాత్రం దెబ్బ ఒక్కసారి తగిలి ఆగదు. తాగివచ్చిన భర్త చేతి దెబ్బలు, వడ్డీవ్యాపారి బెదిరింపు, వాననీరు ఇంట్లోకి రావడం, పిల్లవాని జ్వరం, కూలి దొరకని వారం, ఇవన్నీ ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. పదేపదే జరిగే హింస వలన కలిగే స్థితిని సంక్లిష్ట ఆఘాతానంతర రుగ్మతగా వేరు చేసి, ప్రపంచ ఆరోగ్య సంస్థ తన 11వ వ్యాధి వర్గీకరణలో చేర్చింది. ఆ వర్గీకరణ 2022లో అమలులోకి వచ్చింది.

బాధను చెప్పే మాటలు

"నాకు డిప్రెషన్ ఉన్నది" అని బస్తీలో ఎవరూ మొదట చెప్పరు. తెలంగాణ తెలుగులో ఇందుకు చాలా సూక్ష్మమైన మాటలు ఉన్నాయి. రంది అంటే విడువక వేధించే చింత. మనాది అంటే లోలోపల కుమిలి మనిషిని మంచం పట్టించే దుఃఖం. భర్తో బిడ్డో పోయిన తరువాత క్రమంగా చిక్కిపోయి మరణించిన వారిని గురించి "మనాదితో పోయింది" అంటారు. పిల్లలు రాత్రి ఉలిక్కిపడి ఏడిస్తే జడుసుకున్నారని అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో ఘబ్రాహట్, పరేషానీ అన్న మాటలు ఉన్నాయి. ఇప్పుడు అన్ని భాషలవారూ వాడే మాట టెన్షన్.

వీటిని వైద్య పరిభాషలోకి మార్చివేసి ఊరుకోవడం కంటే ఆ మాటనే పట్టుకొని ప్రశ్న వేయడం వలన ఎక్కువ తెలుస్తుంది. "రంది ఎప్పటినుండి? దేని మీద?" అన్న ప్రశ్నకు గంట సేపు జవాబు చెప్పగలిగినవారు, "మీకు ఉన్న లక్షణాలు ఏమిటి?" అంటే తలనొప్పి అని చెప్పి ఊరుకుంటారు. జింబాబ్వేలోనూ ఇటువంటి అనుభవమే ఉన్నది. షోనా భాషలో అతిగా ఆలోచించడాన్ని కుఫుంగిసిసా అంటారు. హరారే నగరంలో డిక్సన్ చిబాండా అనే మనోవైద్యుడు 2006లో ఆరంభించిన స్నేహపు బల్ల కార్యక్రమంలో, శిక్షణ పొందిన అవ్వలు ఆరోగ్యకేంద్రం ఆవరణలోని బల్లపై కూర్చొని ఆ మాటతోనే సంభాషణ మొదలుపెడతారు. దాని ఫలితాలు 2016లో ప్రముఖ వైద్య పత్రికలో ప్రచురింపబడ్డాయి.

మనసు బాధ శరీరం ద్వారా బయటపడటం మరొక అంశం. తలపోటు, గుండెదడ, కాళ్ళు గుంజడం, తిమ్మిర్లు, ఆకలి లేకపోవడం వంటివాటితో మొదట వెళ్ళేది సందు చివర ఉన్న ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గరికే. అక్కడ ఒక సూది, కొన్నిసార్లు ఒక సెలైన్ బాటిలు లభిస్తాయి. కొంత ఉపశమనం కూడా కలుగుతుంది, ఎందుకంటే ఆ అరగంట ఎవరో ఒకరు ఆ మనిషిని పట్టించుకున్నారు. వారాలు గడిచినా నొప్పి తగ్గనపుడు మాత్రమే "ఇంట్లో ఏమైనా జరిగిందా?" అన్న ప్రశ్న వస్తుంది. కొన్నిసార్లు అదీ రాదు.

దేవత, దర్గా, ప్రార్థన

సికింద్రాబాదు ఉజ్జయినీ మహాకాళి ఆలయం ఒక భయం నుండి పుట్టినదే. ఆలయ కథనం ప్రకారం 1813లో జంటనగరాలలో కలరా ప్రబలినపుడు, సైన్యంతో ఉజ్జయినిలో ఉన్న డోలీ మోసే సురిటి అప్పయ్య తన వారిని కాపాడమని అక్కడి మహాకాళికి మొక్కుకున్నాడు. తిరిగి వచ్చి 1815లో ఇక్కడ అమ్మవారి కొయ్య విగ్రహాన్ని ప్రతిష్ఠించాడు. ఆషాఢమాసంలో జరిగే లష్కర్ బోనాలు, మరునాడు పచ్చికుండపై నిలబడి స్త్రీ భవిష్యవాణి చెప్పే రంగం నేటికీ కొనసాగుతున్నవి. సురిటి అప్పయ్య కాలపు వ్యాధి పూర్తిగా పాత కథ కాలేదు. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషిత జలం తాగి పలువురు మరణించారు.

బోనాల నాడు పూనకం వచ్చిన స్త్రీ సంవత్సరమంతా చెప్పుకోలేని మాటలను చెప్పగలుగుతుంది, చుట్టూ ఉన్నవారు వింటారు. దీనిని రోగమని కొట్టివేయడం తప్పు, ప్రతి పూనకాన్నీ చికిత్స అనడమూ తప్పే. జడుసుకున్న పిల్లవానికి దర్గాలో తాయెత్తు కట్టించడం, దిష్టి తీయడం, చర్చిలో పాస్టరు తలపై చేయి ఉంచి ప్రార్థించడం కూడా ఇటువంటివే. బస్తీలో ఇవి మతాల గీతలను పెద్దగా పాటించవు. హిందూ తల్లులు దర్గాకు వెళ్ళడం సర్వసాధారణం. అనుభవజ్ఞులైన కౌన్సెలర్లు తాయెత్తును విప్పమని అడగరు. దానితో పాటు ఆసుపత్రి మందు కూడా వాడమని చెబుతారు. మనిషిని గొలుసుతో కట్టివేయడం, కొట్టడం, పస్తు పెట్టడం, మందు మాన్పించడం జరిగినపుడు మాత్రం గౌరవం పేరిట మౌనంగా ఉండటానికి వీలులేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మానసిక రోగులను చికిత్సా సంస్థలలో గొలుసులతో బంధించడాన్ని స్పష్టంగా నిషేధించింది.

కర్మకాండల క్రమం కూడా ముఖ్యం. చావు ఇంట స్త్రీలు శోకాలు పెట్టి, పోయినవారి గుణగణాలను ఎత్తి చెబుతూ ఏడుస్తారు. చిన్నదినం, పెద్దదినం వరకు ఇల్లు నిండుగా ఉంటుంది. ముస్లిం కుటుంబాలలో మూడవనాటి జియారత్, నలభయ్యవనాటి చెహ్లుం జరుగుతాయి. ఈ రోజులలో బయటి కౌన్సెలరు చేయదగినది చాలా తక్కువ. వెళ్ళి, కూర్చొని, రావడమే. చుట్టాలు వెళ్ళిపోయి, వంటింట్లో బియ్యం నిండుకొని, బాకీవాళ్ళు తలుపు తట్టే రెండవ నెలలోనే అసలు అవసరం పడుతుంది. ప్రాజెక్టు నిధులు మాత్రం తరచుగా మొదటి రెండు వారాలకే వస్తాయి.

అందుబాటులో ఉన్న సేవలు

జంటనగరాలలో ప్రధాన ప్రభుత్వ మానసిక వైద్యాలయం ఎర్రగడ్డలో ఉన్నది. జనవాడుకలో "ఎర్రగడ్డ" అన్న పేరే ఒక తిట్టుగా మారిపోయింది. కూతురి పెండ్లి కావలసి ఉన్న ఇంటివారు ఆ చీటీని ఇరుగుపొరుగు చూడకుండా దాచుకుంటారు. అందువలన చాలామంది గాంధీ ఆసుపత్రికి వెళ్ళడానికి ఇష్టపడతారు. అక్కడికి ఏ రోగానికైనా వెళ్ళవచ్చు గనుక ఎవరూ కారణం అడగరు. సికింద్రాబాదు రైల్వేస్టేషను ఎదుట ఉండిన ఆ ఆసుపత్రి 2003లో ముషీరాబాదుకు మారింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన కల్లు దుకాణాలు మూతపడినపుడు, కల్తీ కల్లుకు అలవాటుపడినవారు వణుకు, ఫిట్స్, మతిభ్రమలతో ఎర్రగడ్డకు పెద్దసంఖ్యలో చేరారు. కొన్ని వేల కూలి కుటుంబాలు దుఃఖాన్నీ ఒళ్ళు నొప్పులనూ దేనితో నెట్టుకొస్తున్నాయో ఆ వారాలలో బయటపడింది.

స్వచ్ఛంద రంగంలో పాతది రోష్ని. ఇది 1997 నుండి సికింద్రాబాదు కేంద్రంగా పనిచేస్తున్న ఆత్మహత్యల నివారణ సంస్థ. ఇందులో శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలు ఫోనులో ఉచితంగా, గోప్యంగా మాట్లాడతారు. వీరు సలహాలు గుప్పించరు, వినడమే వారి పద్ధతి. స్త్రీవాద పత్రికగా 1993లో ఆరంభమైన భూమిక, 2006లో గృహహింస బాధితుల కొరకు సహాయవాణిని ప్రారంభించింది. గృహహింస నుండి మహిళలకు రక్షణ చట్టం అమలులోకి వచ్చినది కూడా ఆ సంవత్సరమే. హైదరాబాదులో 2012లో మొదలైన మై ఛాయిసెస్ ఫౌండేషన్ బస్తీల మహిళలనే ఎంపిక చేసి, చట్టంలోను, కౌన్సెలింగులోను శిక్షణ ఇచ్చి, పీస్‌మేకర్లు అన్న పేరుతో వారి సొంత ప్రాంతాలలోనే పనిచేయిస్తున్నది. హింసకు గురైన స్త్రీలు, బాలల కొరకు వైద్యం, న్యాయసహాయం, కౌన్సెలింగు ఒకే చోట లభించేలా హైదరాబాదు పోలీసులు 2016లో భరోసా కేంద్రాన్ని నెలకొల్పారు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ (14416) సేవను ప్రారంభించింది. ఇందులో తెలుగు, ఉర్దూ కూడా ఉన్నాయి. ఐతే ఇంటికంతటికీ ఒకే ఫోను, ఒకే గది ఉన్నచోట, పక్కన అత్త కూర్చొని ఉండగా కోడలు ఫోనులో ఏమి చెప్పగలదన్నది సహాయవాణులన్నింటికీ ఉన్న ఇబ్బంది.

పని జరిగే తీరు

బస్తీలో కౌన్సెలింగు సమయాన్ని నల్లా నిర్ణయిస్తుంది. నీళ్ళు వచ్చే వేళ ఎవరూ మాట్లాడరు. ఇళ్ళలో పనిచేసే స్త్రీలు మధ్యాహ్నం ఒంటిగంట తరువాత తిరిగి వస్తారు, బడి విడిచేదాకా కొంత తీరిక ఉంటుంది. పురుషులు దొరికేది ఆదివారం ఉదయం, అదీ మద్యం దుకాణం తెరవకముందు. ఉదయపు ఓ.పి.కి రమ్మని చెప్పడం అంటే ఒక రోజు కూలి వదులుకోమని చెప్పడమే. ఆసుపత్రికి పంపిన అనేకులు అక్కడికి చేరకపోవడానికి ఇది పెద్ద కారణం. 2018 నుండి నగరంలో ఏర్పడిన బస్తీ దవాఖానాలు ఈ దూరాన్ని కొంత తగ్గించాయి, కాని వాటిలో మనోవైద్యుడు ఉండడు.

స్థలం సంగతి ఇంకా కష్టం. కౌన్సెలరు ఒక ఇంటికి మూడుసార్లు వెళ్తే నాలుగవసారికి సందంతా తెలుస్తుంది. కాబట్టి అంగన్‌వాడీ కేంద్రం, పొదుపు సంఘం సమావేశం, టైలరింగు క్లాసు, గుడి అరుగు వంటి చోట్లలో, ఏదో ఒక పని మిషతో మాట్లాడటం జరుగుతుంది. కూరగాయలు తరుగుతూనో, బీరకాయ పీచు తీస్తూనో చెప్పే మాట, ఎదురెదురు కుర్చీలలో కూర్చొని చెప్పే మాట కంటే త్వరగా వస్తుంది. పిలుపు కూడా ముఖ్యమే. వయసును బట్టి అక్క, పెద్దమ్మ, అన్న, ముస్లిం ఇళ్ళలో ఆపా, ఖాలా అని పిలుస్తారు. "మేడం" అన్న పిలుపు స్థిరపడినచోట మాట కూడా విన్నపం రూపంలోనే వస్తుంది. వారు రేషను కార్డు గురించి అడుగుతారు తప్ప తమ గురించి చెప్పరు. నిజానికి రేషను కార్డు సంగతి చూసిపెట్టడం కూడా ఈ పనిలో భాగమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని చూడటం, వినడం, కలపడం అన్న మూడు పనులను చెబుతున్నది. కలపడం అంటే ఆశ్రయం, అన్నం, పత్రాలు, బంధువులతో కలపడమే.

తల్లి ఒక భాష, ఆసుపత్రి మరొక భాష మాట్లాడినపుడు పదేళ్ళ కూతురిని దుబాసీగా నిలబెట్టడం సర్వత్రా కనిపించే పొరపాటు. తండ్రి కొట్టిన సంగతి కూతురి నోట పలికించడం ఆ పిల్లకు రెండవ గాయం అవుతుంది.

ప్రమాదం జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి జరిగినదంతా వివరంగా చెప్పించే పద్ధతి ఒకప్పుడు విరివిగా ఉండేది. ఇటువంటి ఒక్కసారి సమావేశం వలన తరువాతి రుగ్మత ఆగదని, కొందరికి హాని కూడా జరగవచ్చని 2002నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ సంగతి తెలియని ఉత్సాహవంతులు నేటికీ ఆ పని చేస్తుంటారు.

అగ్నిప్రమాదాలు, వలస కార్మికులు

2022 మార్చి 23 తెల్లవారుజామున భోయిగూడలోని ఒక తుక్కు గోదాములో మంటలు చెలరేగి, పైఅంతస్తులో నిద్రిస్తున్న 11 మంది కార్మికులు మరణించారు. అందరూ బీహారువారే. ఒక్కడు కిటికీ గుండా దూకి బ్రతికాడు. అదే సంవత్సరం సెప్టెంబరు 12న విద్యుత్ స్కూటర్ల దుకాణం పైనున్న రూబీ హోటలులో 8 మంది, 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు మరణించారు. స్వప్నలోక్‌లో పోయినవారు జిల్లాల నుండి ఉద్యోగానికి వచ్చిన యువతీయువకులు. ఏడాది తిరగకుండానే ఒకే పట్టణంలో ఈ మూడు ప్రమాదాలు జరిగాయి.

భోయిగూడ వంటి ఘటనలో సాంస్కృతికంగా తగిన సహాయం అన్న మాటకు అర్థం వెదకడం కష్టమవుతుంది. పోయినవారి తల్లులు, భార్యలు వేరొక రాష్ట్రంలో ఉన్నారు. వారికి తెలుగు రాదు. ఇక్కడ మిగిలినది పక్క గోదాములలో అదే రకం గదులలో, అదే రకం తాళం వెనుక నిద్రించే తోటి కార్మికులు. వారికి కర్మ చేసే హక్కు లేదు, సెలవు లేదు, ఊరుకు వెళ్ళే డబ్బు ఉండదు. వారి నిద్రలేమికి ఊపిరి వ్యాయామం నేర్పడం కంటే ముందు ఆ తాళం తీయించవలసి ఉంటుంది. ఆఘాతానికి కారణమైన పరిస్థితి కొనసాగుతుండగా చేసే కౌన్సెలింగు, భయపడటం మానమని చెప్పడం వంటిదే అవుతుంది. వారి భయం న్యాయమైనది.

సర్దుకుపొమ్మనే కౌన్సెలింగు

తెలుగునాట కౌన్సెలింగు అన్న మాటకు మరొక అర్థం స్థిరపడి ఉన్నది. పోలీసుస్టేషనులో భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెట్టి మందలించి, రాజీ కుదిర్చి పంపడాన్ని కూడా కౌన్సెలింగు అనే అంటారు. బస్తీ పెద్దలు, కులపెద్దలు, మసీదు కమిటీలు చేసే పంచాయితీ కూడా ఇదే తీరులో ఉంటుంది. సంస్కృతికి తగినది అన్న పేరుతో ఎక్కువగా చెలామణి అయ్యేది ఇదే. "పిల్లల ముఖం చూసి సర్దుకో అమ్మా" అన్న వాక్యం ప్రేమతోనే చెప్పబడుతుంది, కాని అది విన్న స్త్రీ తిరిగి అదే దెబ్బల మధ్యకు వెళుతుంది. ఆ తరువాత ఆమె మళ్ళీ ఎవరినీ అడగదు.

బస్తీ మహిళలనే కౌన్సెలర్లుగా తయారుచేసే సంస్థలకు కూడా ఈ చిక్కు తప్పదు. శిక్షణకు వచ్చిన స్త్రీ కూడా సర్దుకుపోయే జీవితమే గడిపి ఉంటుంది. అయినప్పటికీ వృత్తి నిపుణులు లేనిచోట స్థానికులు ఫలితం సాధించగలరనడానికి ఆధారాలు ఉన్నాయి. విక్రం పటేల్ బృందం గోవాలో చేసిన అధ్యయనం 2010లో ప్రచురితమైంది. మనోవైద్యులు కాని శిక్షితులైన సలహాదారులు ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్యకేంద్రాలలో రోగులకు మేలు చేయగలిగారని అందులో తేలింది. అంతకు చాలా ముందు, 1984నాటి భోపాలు విషవాయు ప్రమాదం తరువాత సాధారణ వైద్యులకు మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఇచ్చే ప్రయత్నం జరిగింది. 2004 సునామీ తరువాత బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ స్థానిక కార్యకర్తలకు శిక్షణనిచ్చింది. అన్నిచోట్లా నిరంతర పర్యవేక్షణ ఒక షరతుగా ఉన్నది. రెండు రోజుల శిక్షణ, ఒక సర్టిఫికెట్టు, ఆపై ఎవరూ పలకరించకపోవడం అన్న పద్ధతికి ఈ అధ్యయనాలు సాక్ష్యం కావు.

గోప్యత, చట్టం

మైనరు బాలికపై లైంగిక దాడి జరిగినట్లు తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షను నిర్దేశిస్తున్నది. తెలియజేయకపోవడం నేరం. "ఎవరికీ చెప్పను" అని మాట ఇచ్చి విన్న కౌన్సెలరు, దాడి చేసినవాడు ఇంటికి తిండి పెట్టే మేనమామ అని తెలిసినపుడు, ఆ మాట నిలుపుకోలేదు. కనుక గోప్యతకు ఉన్న ఈ హద్దును మొదటి సంభాషణలోనే చెప్పవలసి ఉంటుంది. అలా చెబితే కొందరు అక్కడే నోరు మూసుకుంటారు. ఈ చిక్కుకు ఇప్పటివరకు ఎవరూ చక్కని పరిష్కారం చూపలేదు.

ఆత్మహత్యాయత్నం విషయంలో చట్టం మారింది. 2017 చట్టంలోని 115వ సెక్షను, అట్టి వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు భావించి శిక్షింపరాదని చెప్పింది. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి రావడంతో పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను తొలగిపోయింది. ఐనప్పటికీ కేసు అవుతుందన్న భయం బస్తీలలో ఇంకా ఉన్నది. ఆ భయంతో ఆసుపత్రిలో అబద్ధం చెప్పినవారికి శరీరానికి మాత్రమే చికిత్స జరిగి, మనసు సంగతి నమోదు కాకుండానే డిశ్చార్జి అవుతారు.

లెక్కలు

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వయోజనులలో సుమారు 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతుండగా, రుగ్మతను బట్టి వారిలో 70 నుండి 92 శాతం వరకు చికిత్స అందడం లేదు. మహానగరాలలోను, అల్పాదాయ వర్గాలలోను సమస్య ఎక్కువగా ఉన్నట్లు ఆ సర్వే పేర్కొన్నది. సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో తెలంగాణ గాని, ఆంధ్రప్రదేశ్ గాని లేవు. సికింద్రాబాదు బస్తీల గురించి చెప్పేవారు అందుచేత వేరే రాష్ట్రాల అంకెలతోనే చెబుతుంటారు.